బాపట్లలో వద్దన్న పది నిమిషాలు

ఆ రోజు బాపట్లలో మాకు ప్రాక్టీసు టైమ్ ఇస్తామన్నారు. అక్కర్లేదన్నది నేను. ఈ సంగతి మా హెడ్మాస్టరు గారికి తెలియదు. నాతో వచ్చిన లెక్కల మాస్టారికి తెలియదు. ఓడిపోయి తిరిగొచ్చిన ముగ్గురు పిల్లలకీ తెలియదు. మా అమ్మకి కూడా చెప్పలేదు. పదమూడో ఏటి నుంచి రోజూ డైరీ రాస్తున్న నేను ఆ రోజు పేజీలో సైతం ఆ ముక్క రాయలేదు. ఇప్పుడా ఉద్యోగంలో లేను. నాలాంటి ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న వాళ్ళు చదువుతారని ఇక్కడ రాస్తున్నాను.

రేపల్లె దగ్గర ఒక ఊరి హైస్కూల్లో రెండేళ్ళు కాంట్రాక్టు మీద ల్యాబు ఇన్‌స్ట్రక్టరుగా పనిచేశాను. ల్యాబంటే పిల్లలు మోటార్లు, సెన్సార్లు, వైర్లు పెట్టి ఏదో ఒకటి చేసి చూసుకునే గది. మా ఇల్లు అంగలకుదురులో. తెనాలి దాకా ఆటో, తెనాలి నుంచి రేపల్లె ప్యాసింజరు, అక్కణ్ణుంచి మళ్ళీ ఆటో. రైల్లో నవలలు చదివేదాన్ని, వాటికి ల్యాబు మాన్యువల్ అట్ట వేసి. ఏం పుస్తకమమ్మా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుందని ఆ జాగ్రత్త.

పిల్లల ముందు మాత్రం నాకు నోరు పెగిలేది. పెద్దవాళ్ళ ముందే ఇబ్బంది. స్టాఫ్ రూములో ఏదైనా చెప్పాలంటే ముందు మనసులో రెండుసార్లు అనుకునేదాన్ని. అనుకోవడం పూర్తయ్యేసరికి వాళ్ళు వేరే విషయంలోకి వెళ్ళిపోయేవారు. లెక్కల మాస్టారు నన్ను బాగా ఏడిపించేవారు. "మా మేడమ్ గారు కుర్చీకి కాలు తగిలినా సారీ చెప్తారండీ. కుర్చీయే నయం, తిరిగి ఏమీ అడగదు" అనేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆయన మంచివాడు. నా జీతం కాగితాలు ఆఫీసులో ఆగిపోయినప్పుడల్లా, నేను అడగకుండానే వెళ్ళి నా తరఫున పోట్లాడి వచ్చేవారు. అలా నా తరఫున మాట్లాడే మనిషి ఒకరుండటం నాకు అలవాటైపోయింది. ఇది సాకుగా చెప్పడం లేదు.

మా జట్టులో ముగ్గురు. తొమ్మిదో తరగతి అబ్బాయి, తొమ్మిదో తరగతి అమ్మాయి, పదో తరగతి అమ్మాయి. ఈ కథంతా ఆ పదో తరగతి అమ్మాయిది. తనకీ మాట తక్కువే, బహుశా అందుకే నాకు దగ్గరైంది.

వాళ్ళు చేసింది గీత మీద నడిచే చిన్న బండి. తెల్లటి నేల మీద నల్ల గీత గీస్తే, ఎక్కడా తప్పకుండా దాని వెంట పోవాలి. కింద ఉన్న ఐదు సెన్సార్లు వెలుతురు కొలుస్తాయి. ఎంత ఉంటే నలుపు, ఎంత ఉంటే తెలుపు అన్నది మనం ముందే అంకెల్లో చెప్పాలి. గది మారితే వెలుతురు మారుతుంది, అంకెలూ మారాలి. అందుకని పోటీ జరిగే చోట ట్రాక్ మీద బండి పెట్టి చూసుకోవడానికి ప్రతి జట్టుకీ పది నిమిషాలు ఇస్తారు. యంత్రం గురించి మీకు తెలియాల్సింది ఇంతే.

బళ్ళో మా ట్రాక్ ఒక పాత ఫ్లెక్సీ. ఎవరో నాయకుడి పుట్టినరోజుకి కట్టింది. బోర్లా పరిచి, తెల్లగా ఉన్న వెనక వైపు కరెంటు టేపుతో గీత వేశాం. అంచు మడతపడినప్పుడల్లా దండం పెడుతున్న ఒక మోచేయి బయటపడేది. "మేడమ్, సారు గారు మన బండికి దండం పెడుతున్నారు" అనేవాడు అబ్బాయి. అంకెలు పట్టుకోవడంలో మాత్రం పదో తరగతి అమ్మాయికి సాటి లేరు. కిటికీ తలుపు ఒకటి మూస్తే ఎంత తేడా వస్తుందో, మబ్బు పడితే ఎంత తగ్గించాలో నోటితో చెప్పేసేది. అది నేను నేర్పింది కాదు. నాకే అంత బాగా రాదు.

పోటీ రోజు తెల్లవారుతూనే తెనాలి నుంచి మొదటి బండికి రేపల్లె వెళ్ళాను. నేను తెనాలిలోనే ఎక్కొచ్చు. కానీ పిల్లల్ని స్టేషన్లో వాళ్ళ వాళ్ళ దగ్గర్నుంచి నేనే తీసుకోవాలనిపించింది. బాపట్లకి బస్సులో నేరుగా పోవచ్చు. కుదుపులకి వైర్లు ఊడతాయని తెనాలి మీదుగా రైలే అనుకున్నాం. ప్లాట్‌ఫాం మీద పదో తరగతి అమ్మాయి వాళ్ళమ్మ ఉంది. పొలం పనులకి వెళ్ళే మనిషి, ఆ రోజు కూలి మానుకుని వచ్చింది. బండి ఉన్న ఆపిల్ పళ్ళ అట్టపెట్టె మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. లెక్కల మాస్టారు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆమెన్ అయ్యాక ఆవిడ నన్ను పక్కకి పిలిచింది.

"అమ్మా, ఇది పాలిటెక్నిక్ చదువుతానంటంది. గుంటూరంట, హాస్టలంట. దీనికేమో భయం. మనోళ్ళ మధ్య తప్ప నోరు తెరవదు. ఇయ్యాళ ఆ పెద్ద కాలేజీలో పదిమందిలో నిలబడి వచ్చిందనుకో, నాకు పంపించడానికి ధైర్యం వచ్చుద్ది. గెలవకపోయినా పర్లేదమ్మా. మనల్ని కూడా మనుషుల్లా చూస్తారని దానికి తెలిస్తే చాలు."

"మీరేం భయపడకండి, నేనుంటాను కదండీ" అన్నాను.

ఆ మాట మాత్రం ఆ రోజు డైరీలో ఉంది.

రైల్లో ఎదుటి సీటు పెద్దాయన పెట్టె వైపే చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఉండబట్టలేక, "ఏంటమ్మాయ్, కోడిపిల్లలా?" అన్నాడు.

"కాదండి, రోబో అండి" అంది తొమ్మిదో తరగతి అమ్మాయి.

"మాట్లాడుద్దా?"

"లేదండి. గీత మీద నడుస్తదండి. బాపట్లలో పోటీ అండి."

"ఓస్. గీత మీద నడవడానికి బాపట్ల దాకా ఎందుకే, ఇంట్లో గీసుకుంటే సరిపోయేదిగా."

పదో తరగతి అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. తెనాలిలో బండి మారి బాపట్ల చేరేదాకా ఆ నవ్వు అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. తను అంత నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

పోటీ ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాల్లో. మిగతా జట్లు ఒకే రంగు టీషర్టులు వేసుకుని వచ్చాయి, వీపు మీద బడి పేర్లతో. మా వాళ్ళు యూనిఫాంలో ఉన్నారు. లెక్కల మాస్టారు మా కాగితాలు సంతకం చేయించడానికి పక్క బిల్డింగులో ఉన్న ఆఫీసుకి వెళ్ళారు. మేం ఒక మూల పెట్టె విప్పుతున్నాం. పదో తరగతి అమ్మాయి ట్రాక్ చుట్టూ ఒకసారి నడిచి వచ్చింది.

"మేడమ్, మూడో మలుపు మీద కిటికీలోంచి ఎండ పడతంది. అక్కడ మన అంకెలు పనిచెయ్యవు."

"ఎంత తేడా ఉంటుంది?"

"పెట్టి చూస్తేనే తెలుస్తది మేడమ్. ప్రాక్టీసుకి అడగండి మేడమ్. పది నిమిషాలు చాలు."

మాస్టారు వచ్చేదాకా ఆగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తను నా వైపు చూస్తూ నిలబడింది. లేచి వెళ్ళాను.

బల్ల దగ్గర లిస్టు పట్టుకుని ఒక లెక్చరర్ ఉన్నారు. నేత చీర, మెడలో ఐడీ కార్డు, మా పెద్దమ్మ వయసు. ఆవిడ పక్కన ఒక ప్రైవేటు స్కూలు సారు తొందరపడుతున్నాడు. నేను నోరు తెరవక ముందే ఆవిడే అన్నారు.

"రేపల్లె వైపు స్కూలు కదమ్మా మీది? ఇప్పుడు మీదే టర్ను. ఈ సారు వాళ్ళు ముందు వెళ్తామంటున్నారు. మీరు వెళ్తారా ఇప్పుడు?"

అక్కడ నేను అన్న మాట, "పర్లేదండి."

ఈ మాట గురించి కొంచెం చెప్పాలి. మా ఇళ్ళల్లో ఎవరింటికైనా వెళ్ళినప్పుడు కాఫీ ఇస్తే మొదట పర్లేదండి అనాలి. అంటే వద్దని కాదు. వాళ్ళు "అదేంటమ్మా, తాగు" అంటారు. అప్పుడు తీసుకోవాలి. మొదటిసారే చెయ్యి చాపితే ఆబగా ఉన్నట్టు. చిన్నప్పుడు అలా చాపినందుకు మా అమ్మ దారి పొడుగునా నన్ను తిట్టింది. అప్పట్నుంచి ఏది ఇచ్చినా ముందు ఆ మాటే వస్తుంది నాకు. బస్సులో సీటు ఇచ్చినా అదే, జీతం పెంచుతామన్నా అదే అనేదాన్నేమో, ఎవరూ అనలేదు కాబట్టి బతికిపోయాను. ఆ రోజు కూడా ఆవిడ "అదేంటమ్మా, మీ టర్ను కదా, వెళ్ళండి" అంటారని నా లోపల ఎవరో కాచుకుని ఉన్నారు. రెండో మాట వస్తే సరే అందామని.

"థాంక్సమ్మా" అన్నారావిడ. లిస్టులో మా పేరు పక్కన ఏదో రాసుకుని, "సార్, మీ వాళ్ళని పిలవండి" అన్నారు.

ఆవిడ తప్పేమీ లేదు. అక్కర్లేదన్నాను, ఆవిడ నమ్మారు. అది కాఫీ కాదు కదా.

నేను స్తంభం పక్కన నిలబడ్డాను. వాళ్ళయ్యాక మళ్ళీ పిలుస్తారనుకున్నాను. వాళ్ళయ్యారు, ఇంకో జట్టు వెళ్ళింది, ఆ తర్వాత మరొకటి. బల్లకీ నాకూ మధ్య నాలుగడుగులు. 'మేడమ్, మాకు కావాలండి' అన్న వాక్యాన్ని మనసులో అనుకున్నాను. 'మాకు కూడా' అనాలా, 'మాకు' అంటే సరిపోతుందా అని ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. అటు మూల నుంచి మా పిల్లలు ముగ్గురూ నన్ను చూస్తున్నారు. బండి అమ్మాయి చేతుల్లో సిద్ధంగా ఉంది. అంతలో మైకులో ప్రాక్టీసు అయిపోయిందని, అందరూ ట్రాక్ ఖాళీ చెయ్యాలని చెప్పారు.

వెనక్కి వచ్చాను.

"ఏమన్నారు మేడమ్?"

"టైమ్ అయిపోయిందట."

"మీరు అడిగారుగా మేడమ్?"

"ఊఁ."

ఇంతే. ఇంత చిన్న మాట.

అప్పుడే వచ్చిన లెక్కల మాస్టారు విన్నారు. "టైమ్ ఇవ్వలేదా? అదిగో ఆ టీషర్టులోళ్ళకి ఇచ్చారుగా! గవర్నమెంటు బడంటే అంత లోకువా? ఉండండి, నే కనుక్కుంటా" అని కదిలారు. ఆయన వెళ్తే ఆవిడ లిస్టు తీసి చూపిస్తారు. ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని ఆపాను. పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకునే మనిషిని కాదు నేను. "వద్దు సార్, పిల్లల ముందు గొడవ వద్దు సార్" అన్నాను. ఆయన ఆగిపోయారు. నా మొహం చూసి, "సరేలేమ్మా, నువ్వు ఏడవకు" అన్నారు. ఏడుస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది. అది కూడా నాకు పనికొచ్చింది.

మా వంతు వచ్చింది. మొదటి మలుపు, రెండో మలుపు చక్కగా దాటింది. అబ్బాయి గుప్పిళ్ళు బిగించి చూస్తున్నాడు. మూడో మలుపులో, సరిగ్గా ఎండ పడిన చోట, బండి గీత వదిలేసి తన చుట్టూ తాను తిరగడం మొదలుపెట్టింది. రెండోసారి పెట్టారు, అదే చోట అదే పని. హాల్లో వెనక నుంచి ఎవరో "గుడి చుట్టూ ప్రదక్షిణలురా" అన్నారు. నవ్వులు. మూడోసారి పెట్టే ముందు అమ్మాయి ల్యాప్‌టాప్ తీసి ఊహ మీద అంకెలు మార్చింది. ఈసారి ఎండ దాటింది. నాలుగో మలుపు నీడలో ఉంది. అక్కడ పోయింది. అంటే మార్చాల్సింది ఎంతో తను దాదాపు పట్టుకుంది. పది నిమిషాలుంటే పూర్తిగా పట్టుకునేది. ఇది నా ఊహ కాదు. బండీ నాకు తెలుసు, అమ్మాయీ నాకు తెలుసు.

తను వంగి, తిరుగుతున్న బండిని రెండు చేతులతో ఎత్తుకుని స్విచ్ ఆపింది. ఏడవలేదు.

తిరుగు రైల్లో ముగ్గురూ పెట్టెని కాళ్ళ దగ్గర పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. లెక్కల మాస్టారికి మౌనం పడదు. "ఒరేయ్, వినండి. మీరు ఓడిపోలేదు. మిమ్మల్ని ఓడించారు. రెంటికీ తేడా ఉంది. టైమ్ ఇచ్చుంటే కప్పు మన సంచిలో ఉండేది, అవునా మేడమ్?" అన్నారు. నేను తలూపాను. అబ్బాయి మొహం కొంచెం తేలికపడింది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఆ టీషర్టుల వాళ్ళని తిట్టడం మొదలుపెట్టింది. తెనాలి వచ్చేసరికి వాళ్ళు మిరపకాయ బజ్జీలు తింటూ నవ్వుతున్నారు. ఆ అబద్ధం వాళ్ళకి ఎంత బాగా పనిచేస్తోందో చూస్తూ, ఇక ఇప్పుడు నిజం చెప్పి ఏం లాభం అనుకున్నాను. నాకు కావలసినట్టే అనుకున్నాను.

పదో తరగతి అమ్మాయి బజ్జీ పట్టుకుని తినకుండా అడిగింది. "మాస్టారూ, మనది గవర్నమెంటు బడని వాళ్ళకి ముందే తెలుసా, మనల్ని చూసాక తెలిసిందా?"

"చూస్తే తెలవదటే" అన్నారాయన.

తను తన యూనిఫాం వైపు చూసుకుంది.

ఆ రాత్రి డైరీలో 'ప్రాక్టీసుకి సమయం దొరకలేదు' అని రాశాను. తెలుగులో ఇదొక సౌకర్యం. ఇవ్వలేదు అంటే ఎవరు అని అడుగుతారు. వద్దన్నాను అంటే నేనని తెలిసిపోతుంది. దొరకలేదు అంటే ఎవరూ ఏమీ చేయలేదు, దానంతటదే జరిగింది. ఇన్ని పుస్తకాలు చదివి నేను నేర్చుకున్నది ఈ క్రియాపదమా అని తర్వాత చాలాసార్లు అనిపించింది.

మర్నాడు హెడ్మాస్టరు గారు ఫిర్యాదు రాయమన్నారు. "మీ చేతిరాత బాగుంటుంది, మీరే రాయండమ్మా." రాశాను. ఒప్పుకోకుండా ఉండాల్సింది. కనీసం పేలవంగా రాయాల్సింది. కానీ కలం పట్టుకుంటే నాకు వేరే ధైర్యం వస్తుంది. గ్రామీణ విద్యార్థుల పట్ల వివక్ష అని, వికసించాల్సిన ప్రతిభ అని, ఒక పేజీన్నర రాశాను. స్టాఫ్ రూములో మాస్టారు పైకి చదివారు. "అబ్బో, మేడమ్ గారిలో ఇంత నిప్పుందా" అన్నారు. అందరూ నన్ను కొత్తగా చూశారు. ఆ రెండేళ్ళలో నాకు దొరికిన ఒకే ఒక్క మెప్పు అది. అదీ, కాఫీ ఇచ్చినంత మర్యాదగా మాట్లాడిన ఒక లెక్చరర్ మీద వేసిన నిందకి. అదృష్టమో ఏమో, హెడ్మాస్టరు గారు రెండ్రోజులు ఆలోచించి, "ఎందుకులే, వచ్చే ఏడాది అసలు పిలవరు" అని ఉత్తరాన్ని టేబుల్ అద్దం కింద పెట్టేశారు. వచ్చిన వాళ్ళందరికీ అది కనిపించేది.

పాలిటెక్నిక్ ఎంట్రన్సుకి అప్లికేషన్లు మొదలయ్యాక నేనే వివరాలు తీసుకుని ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ల్యాబులో ఒక్కతే కూర్చుని బండి చక్రాలు విప్పుతోంది.

"అప్లై చేద్దామా?"

"వద్దులెండి మేడమ్. ఇక్కడే ఇంటర్ చేరతాను. సీఈసీ."

"ఎందుకు? మీ అమ్మ ఒద్దన్నారా?"

"అమ్మ వెళ్ళమంది మేడమ్. నాకే. అక్కడా అంతేగా. మనకి టైమ్ ఇవ్వరు, వాళ్ళకి ఇస్తారు. మూడేళ్ళు ఎక్కడ పడతాం."

గదిలో మేమిద్దరమే ఉన్నాం. నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. వాళ్ళు ఇస్తామన్నారమ్మా, నేనే వద్దన్నాను. మనసులో రెండుసార్లు అనుకున్నాను. వాక్యం బాగానే వచ్చింది. తను తలెత్తి చూసింది. తన కళ్ళల్లో నా మీద జాలి కనిపించింది, నేనేదో తనకోసం బాధపడుతున్నానని. ఆ జాలి పోతుందని భయం వేసింది. "ఆలోచించుకో" అన్నాను. గడువు దాటిపోయింది. ఆ వేసవికే నా కాంట్రాక్టూ అయిపోయింది.

రోబో ఎలా చెయ్యాలో మీకు నాకంటే బాగా వచ్చు. పిల్లల్ని తీసుకుని పోటీకి వెళ్ళేటప్పుడు పెట్టెలో అన్నీ సర్దుకున్నారో లేదో చూసుకుంటారు. మీరేం మాట్లాడతారో కూడా ఒకసారి చూసుకోండి. మీకోసం వద్దనుకునే హక్కు మీకుంది. వాళ్ళకోసం మొహమాటపడే హక్కు లేదు. నేను ఓడిపోవడం గురించి సిగ్గుపడటం లేదు. తప్పు మాట నోరు జారడం గురించి కూడా కాదు, అది ఎవరికైనా జరుగుతుంది. పదిహేనేళ్ళ పిల్ల లోకం గురించి ఒక తప్పు నేర్చుకుంటుంటే, అది తప్పని తెలిసిన ఒకే ఒక్క మనిషిని నేనై ఉండి, చూస్తూ ఊరుకున్నాను.

మొన్నీమధ్య ఆ అమ్మాయి కనిపించింది. నేనిప్పుడు తెనాలిలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించడానికి ఒక ఇంటర్నెట్ సెంటరుకి వెళితే, కంప్యూటర్ ముందు తను. పొద్దున డిగ్రీ కాలేజీ, మధ్యాహ్నం నుంచి అక్కడ పని. ఒక పెద్దాయన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. తను వాళ్ళకి పాలిటెక్నిక్ అప్లికేషనే నింపుతోంది.

"బాబాయ్, పుట్టిన తేదీ టెన్త్ మెమోలో ఉన్నట్టే చెప్పాలి. మీ ఇష్టం వచ్చింది చెప్తే ఎట్టా?" అని గదమాయిస్తోంది. ఆయన తల గోక్కుంటూ మెమో వెతుకుతున్నాడు. ఈ పిల్లకా పదిమందిలో నోరు లేదన్నది అనిపించింది.

నన్ను చూసి లేచి నిలబడింది. "మేడమ్! బాగున్నారా మేడమ్? కూర్చోండి." తన కుర్చీయే జరిపింది. అమ్మ బాగుందని, తమ్ముడు ఎనిమిదిలో ఉన్నాడని చెప్పింది. నా జిరాక్సులు తనే తీసి, అంచులు సర్ది, కవర్లో పెట్టి ఇచ్చింది. ఇంకెవరూ లేని క్షణం చూసి మొదలుపెట్టాను.

"నీకో మాట చెప్పాలి. ఆ రోజు బాపట్లలో..."

"ఇంకా అదే పెట్టుకున్నారా మేడమ్ మనసులో?" అని నవ్వింది. నా చేతి మీద చెయ్యి వేసింది. "మీరు బాధపడకండి మేడమ్. మీరెంత గట్టిగా అడిగినా వాళ్ళు మనకి ఇచ్చేవాళ్ళు కాదు."